ఆ శనివారం స్కోరు

గోల్‌మురి, జంషెడ్‌పూర్
మే 11

మా మరదలు ఫ్లోరెన్స్‌కి,

ప్రభువు నామంలో వందనాలు. వందనాల వరకే ఆయన నామంలో. ఆ తర్వాత రాసేవన్నీ నా సొంత నామంలోనే అనుకో, ఆయన్ని ఇందులోకి లాగడం బాగోదు.

నువ్వు ఫోను ఎత్తవు. వాట్సాప్‌లో నీ బొమ్మ కూడా మాయమైపోయింది. మా మనవరాలు సుకీర్తి చూసి, "మామ్మా, ఆప్‌కో బ్లాక్ కర్ దియా" అంది. ఏటే అది అంటే, తలుపుకి లోపల్నించి గడియ పెట్టుకోడం లాంటిదంట. పోస్టాఫీసోళ్ళకి ఆ సదుపాయం ఇంకా రాలేదు కదా, అందుకని కవరు కొన్నాను.

ఆగస్టులో మీ అన్నకి ఏడాది. పొద్దున్న చర్చిలో జ్ఞాపకార్థ కూడిక, తర్వాత సమాధి దగ్గర ప్రార్థన, సాయంత్రం మైదానంలో మేచ్. నెల్సన్ అప్పుడే కమిటీ వేసీసేడు. మా కొడుక్కి దుఃఖం వచ్చినా కమిటీయే, సంతోషం వచ్చినా కమిటీయే. మొన్న ఫ్లెక్సీ నమూనా తెచ్చి చూపించేడు. పైన "నావికా యోధుడు జ్ఞానరత్నం" అని, కింద మూడు మాటలు: కుటుంబం, విశ్వాసం, ఫుట్‌బాల్. వెనకాల యుద్ధనౌక. అది ఏ దేశానిదో తెలీదు, జెండా ఉన్న చోటికి మీ అన్న తలకాయ వచ్చేలాగ సర్దేరు. నేవీలో ఉన్నన్నాళ్ళూ ఇంజను గదిలో నూనె తుడిచిన మనిషి. పెళ్ళైన కొత్తలో, సముద్రం మధ్యలో ఎలాగుంటాదండీ అని అడిగితే, "ఏమో, మా గదికి కిటికీ లేదు" అన్నాడు. ఆ మనిషి చేతిలో ఇప్పుడు దుర్భిణీ ఉన్నాది.

మూడు మాటల వరస మీద కూడా నాకు పేచీ ఉన్నాది. నేవీ వదిలీసి ఇక్కడ ఫైర్ స్టేషన్ ఉద్యోగంలో చేరినప్పట్నించి మంచాన పడేదాకా, మా బస్తీ కుర్రోళ్ళ టీమే ఆయనకి పెద్ద సంసారం. కాబట్టి ఫుట్‌బాల్ ముందు రాయాల, తర్వాత దేవుడు, ఆ తర్వాత జాగా మిగిల్తే మేము. అలాగ రాయిత్తే చర్చిలో ఒప్పుకోరంట.

నువ్వు రావాల, ఫ్లోరా. చెల్లెలు లేకండా అన్న ఏడాది ఏటి? ఆరోజు సంగతి నీకు చెప్పేను కదా. వానాకాలం, ఐసు పెట్టె చెడిపోయింది, ఆపలేకపోనాం. ఇంకెన్నాళ్ళు గడియ పెట్టుకుంటావు?

నీ వదిన,
ఆనందకుమారి

*

భీమునిపట్నం
మే 27

గౌరవనీయులైన ఆనందకుమారి గారికి,

మీ ఉత్తరం అందింది. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు లేఖలు రాయడం నేర్పినదాన్ని, జవాబు రాయకుండా ఉండడం చేతకాదు. మర్యాద వేరు, మనసు వేరు అని గమనించగలరు.

నిరుడు నేను ఆ రైలెక్కింది పెళ్ళికి కాదు. పట్టాల మీదికి నీళ్ళొచ్చి ఎక్కడో అడవి మధ్య ఆపేశారు. అక్కణ్ణించి మీకు ఫోన్ చేశాను. "ఆపు వదినా, ఎంత పొద్దుపోయినా వచ్చేస్తాను, ఒక్కసారి ముఖం చూసుకోనీ" అని ఏడ్చాను. రైలు పెట్టెలో ఉన్నవాళ్ళంతా నన్నే చూశారు. మీరు "సరే" అన్నారు.

నేను ఆటో దిగేసరికి మీ గుమ్మానికి తాళం. "సబ్ గయే" అంది పక్కింటావిడ, అందరూ వెళ్ళిపోయారని. తోడబుట్టినవాడి గుమ్మం ముందు, వానలో, చేతిలో పూలదండ పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి మీరంతా వచ్చారు. భూస్థాపన అయిపోయిందన్నారు. ఐసు పెట్టె చెడిపోయిందన్నారు. నమ్మాను. నమ్మినా క్షమించలేదు, అది నా ఇష్టం.

మొన్న మీ బస్తీ టీము కెప్టెను గౌరీశంకర్ ఫోన్ చేశాడు. అతణ్ణి నేను బ్లాక్ చేయలేదు, అతనేం పాపం చేశాడు? మేచ్‌కి ముఖ్య అతిథిగా రావాలని పిలిచాడు. ఆ మాటా ఈ మాటా చెబుతూ, "ఆరోజు మేచ్‌కి అందుకోవాలనే కదమ్మా ఆంటీ తొందరగా మట్టి చేయించేసింది" అన్నాడు.

ఏ మేచ్, ఆనందకుమారి గారూ?

ఇంకొక సంగతి కూడా అతనే చెప్పాడు. మా అన్న మీద ఇప్పటికీ రాయి కాదు కదా, ఇటుక కూడా పడలేదట. గడ్డి మొలిచిందట. యుద్ధనౌకకి ఫ్లెక్సీలో చోటు దొరికింది, అన్నకి మాత్రం నాలుగు బస్తాల సిమెంటు దొరకలేదు కాబోలు.

నా కోసం ఎందుకు ఆగలేదో నిజం రాయండి. ఆ నిజం నా చేతికి వచ్చేదాకా నేను జంషెడ్‌పూర్ గడప తొక్కను.

ఇట్లు,
జ్ఞానరత్నం చెల్లెలు
ఫ్లోరెన్స్

*

గోల్‌మురి
జూన్ 8

ఫ్లోరా,

"గౌరవనీయులైన" అన్న మాట చూసి కవరు వేరేవోళ్ళది వచ్చిందేమో అనుకున్నాను. నలభై ఏళ్ళుగా నా చీరలు అడక్కండా కట్టుకుపోయినదానివి, ఇప్పుడు "మీరు" ఏటే?

గౌరీశంకర్ నోటికి గోల్‌కీపరు లేడు. వాణ్ణి ఏం అనను, నిజమే చెప్పేడు. ఐసు పెట్టె చెడిపోలేదు. బాగానే పనిచేసింది, పాపం, దాని మీద నింద వేసేను.

మూడేళ్ళ కిందట మా టీములో ఒకడి తండ్రి పోతే ఫైనలు వాయిదా వేసేరు. తీరా వాయిదా పడ్డ రోజుకి సగం మందికి డ్యూటీలు పడ్డాయి. ఉన్నోళ్ళతో ఆడి చిత్తుగా ఓడిపోనారు. మీ అన్నకి కోపం ఎవరి మీదనుకున్నావు? ఆ పోయిన ముసలాయన మీద. "ఆయనకి శనివారమే దొరికిందా" అని ఆర్నెల్లు గొణుగుతూనే ఉన్నాడు. ఆదివారం చర్చిలో ఆ ముసలాయన ఆత్మ శాంతి కోసం ప్రార్థన చేత్తే, ఈయన కళ్ళు తెరుచుకుని కూచునేవాడు.

తనకి జబ్బు ముదిరేక నన్ను మంచం దగ్గిరికి పిలిచేడు. "కుమారీ, కాసిడీహ్ బస్తీ వాళ్ళతో మేచ్ ఉన్నాది. ఈలోగా నేను పోతే, నా పేరు చెప్పి ఆట ఆపొద్దు. ఆట టైముకి ముందే నన్ను పూడ్చీండి. కుర్రోళ్ళు దానికీ రావాల, దీనికీ రావాల" అన్నాడు. ఒట్టు వెయ్యమన్నాడు. తప్పించుకుందామని, "మనం ఒట్టు పెట్టకూడదు కదండీ, వాక్యం ఒప్పుకోదు" అన్నాను. కాసేపు ఆలోచించేడు. మంచం కిందనించి బంతి తీయించి, దాని మీద నా చెయ్యి పెట్టించేడు. బంతి గురించి వాక్యంలో ఎక్కడా లేదంట.

శుక్రవారం పోనాడు. శనివారం మేచ్. నెల్సన్ ఆపుదామనే అన్నాడు, అత్తని రానీ అమ్మా అని నా కాళ్ళ దగ్గర కూచుని ఏడిచేడు. వాడి మీద కోపం పెట్టుకోకు. వద్దన్నది నేను. నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను శవపెట్టె పక్కనే నించుని ఉన్నాను. నీ గొంతు వింటే కాదనలేకపోనాను, అందుకని సరే అన్నాను. ఆయన ముఖం చూత్తే మాట తప్పలేకపోనాను, అందుకని ఫోను పెట్టీసి మూత వెయ్యమన్నాను. మేకులు కొడుతున్నప్పుడు నీ రైలే గుర్తొచ్చింది.

నేను తప్పు చేసేనని రాయటంలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మీ అన్న నన్ను గట్టిగా అడిగింది అదొక్కటే. నీకు అబద్ధం ఎందుకు చెప్పేనంటే, ఫుట్‌బాల్ కోసం అన్న ముఖం చూపించలేదని ఒక ఆడపడుచుకి ఏ నోటితో చెప్తాం? అడిగేవు, చెప్పేను. ఇంక వత్తావా, రావా?

నీ వదిన

*

భీమునిపట్నం
జూన్ 20

వదినగారికి,

మీ ఉత్తరాన్ని మొదట చింపేద్దామనుకున్నాను. సగం చింపాను కూడా. తర్వాత గోధుమపిండి జిగురుతో అంటించి మళ్ళీ చదివాను.

బంతి మీద ఒట్టు సంగతి మాత్రం మీరు కల్పించలేరు. అంత తెలివి మా ఇంటివాళ్ళకే ఉంటుంది. చిన్నప్పుడు ఈ భీమిలి ఇసకలో రెండు తెప్పల మధ్య నన్ను గోల్‌కీపరుగా నిలబెట్టి, కదలనని ఇలాగే బంతి మీద నా చేతా ఒట్టు వేయించాడు. అమ్మ చీపురు పట్టుకుని వచ్చి కొట్టినా నేను కదల్లేదు. వాడు మాత్రం పారిపోయాడు. కాబట్టి ఆ ఒట్టు బరువెంతో నాకు తెలుసు. మీకు అది చెప్పాల్సిన బాధ్యత నాకు లేదు, అయినా చెబుతున్నాను.

ఓడ మీదినించి వాడు మనిద్దరికీ ఒకే ఉత్తరం రాసేవాడు, గుర్తుందా? మధ్యలో కార్బన్ పెట్టి, "ప్రియమైన" అన్న మాట పక్కన ఖాళీ వదిలి, పేర్లు చివర్లో నింపేవాడు. అంత కుటుంబ ప్రేమ. నాకు ఎప్పుడూ కార్బన్ ప్రతే వచ్చేది. చదివాక వేళ్ళన్నీ నీలం. పై కాగితం మీకు వెళ్తోందని తెలిసి కూడా ఏమీ అనలేదు, పెళ్ళాం కదా అని సర్దుకున్నాను. ఆఖరికి ముఖం కూడా మీకే దక్కింది. దీనికి సర్దుకోవడం నా వల్ల కావడంలేదు.

సరే. మాట ఇచ్చారు, చెల్లించుకున్నారు. ఇప్పుడు నాకొక్కటి చెప్పండి. ఆ శనివారం మేచ్ ఎవరు గెలిచారు? ఎవరు గోలు కొట్టారు? నా అన్న ముఖానికి బదులుగా వచ్చిన స్కోరు ఎంత? గెలిచి ఉంటే కొంచెం తక్కువ ఏడుస్తాను.

ఫ్లోరెన్స్

*

గోల్‌మురి
జూలై 2

ఫ్లోరా,

నాకూ కార్బన్ ప్రతే వచ్చేదే! దేవుడి సాక్షిగా. నా దిండు గలీబులన్నీ నీలం మరకలే, కావాలంటే చూపిత్తాను. నీకు పై కాయితం వెళ్తందని నేను లోపల్లోపల ఎంత కుళ్ళుకున్నానో. "చెల్లెలంటే ప్రాణం, పెళ్ళానికి నకలు చాలు" అనుకునేదాన్ని. అంటే ఆ పై కాయితం ఎవరికి పోయేదంటావు? అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. నాకైతే నేవీ టీము మీదే అనుమానం.

ఇక్కడ సంగతులు బోల్డున్నాయి. ఈ దేశం ఆచారం నీకు తెలుసు కదా, ఫుట్‌బాల్ గెలిచినోళ్ళకి ఖస్సీ ఇత్తారు. కప్పు ఇత్తే ఇంటికి పట్టుకెళ్ళి ఏం తింటారు? మన మేచ్‌కి కూడా ఒక మేకపోతుని కొన్నారు, కొని తెచ్చి మా పెరట్లో కట్టీసేరు. ఆరోజు దాకా మేపడం పెద్దమనిషి భార్యగా నాకు దక్కిన గౌరవమంట. కరివేపాకు చెట్టు అయిపోయింది. నెల్సన్ బనీను సగం అయిపోయింది. జ్ఞాపకార్థ కార్యక్రమంలో మేక ఏటి, మర్యాదగా ఉండదు అని నెల్సన్ కమిటీలో లేవదీసేడు. వాదన జరిగి జరిగి, మేక ఉండొచ్చు గానీ ఫొటోలో ఉండకూడదు అని తీర్మానం చేసేరు.

చర్చిలో ఇంకో ఇబ్బంది. మీ అన్న ఆఖరి బెంచీలో కూచునేవాడు కదా. మైదానానికి వేళవగానే లేచి నిలబడేవాడు. పాస్టరు అయ్యగారు అది చూసి, "కాబట్టి ప్రియులారా" అని ముగింపులోకి వచ్చీసేవారు. సంఘమంతా ఇళ్ళల్లో బియ్యం నానబెట్టుకునేది ఆయన లేచే టైము లెక్క చూసుకునే. ఇప్పుడు లేచేవాడు లేడు. ప్రసంగం ఎక్కడ ఆగాలో అయ్యగారికీ తెలీటంలేదు. ఒక్కోసారి ఆ బెంచీ వేపు చూసి మాట మర్చిపోతారు. నేను అటు చూడను.

సుకీర్తికి జ్వరం తగ్గింది. నీ మోకాలు ఎలాగున్నాది? వానలు మొదలైపోయాయి.

నీ వదిన

*

భీమునిపట్నం
జూలై 11

వదినా,

మేక గురించి పేజీన్నర రాశావు. స్కోరు లేదు.

ఫ్లోరెన్స్

*

గోల్‌మురి
జూలై 19

ఫ్లోరా,

స్కోరు లేదు. ఆట జరగలేదు.

మట్టి అయిపోయేక మా కుర్రోళ్ళు సమాధుల దగ్గరే చేతులు కడుక్కుని, జెర్సీలు వేసుకుని మైదానానికి పరిగెట్టేరు. వెనక నేనూ వెళ్ళేను. నా జన్మలో మేచ్‌కి వెళ్ళలేదు, అదే మొదలు. నా మాట నెగ్గించుకున్నదాన్ని, చూడకపోతే ఎలాగ?

వెళ్ళి చూత్తే, కాసిడీహ్ టీము మొత్తం తెల్ల చొక్కాలు వేసుకుని వరసగా నించున్నారు. చేతిలో పెద్ద పూలచక్రం. వాళ్ళలో సగం మందికి చిన్నప్పుడు బంతి తన్నడం నేర్పింది మీ అన్నే. "రత్నం దాదా పోయిన రోజున ఆడతామా? హమ్ ఇత్‌నే బేశరమ్ నహీఁ హైఁ" అన్నాడు వాళ్ళ కెప్టెను, అంత సిగ్గులేనోళ్ళు కారంట. గౌరీశంకర్ వాడి చేతులు పట్టుకున్నాడు. "ఆయనే ఆడమన్నాడు భయ్యా, ఆయన మాటే" అని బతిమాలేడు. చావబోయేవాడు అలాగ చెప్తాడేటి, ఆటకి కక్కుర్తి పడి మీరే అంటన్నారు అని వాళ్ళు నమ్మలేదు. ఆఖరికి నన్ను ముందుకి తోసేరు. నేను చెప్పేను. మంచం సంగతి, బంతి సంగతి, అన్నీ చెప్పేను. వాళ్ళ కెప్టెను నా నెత్తి మీద గొడుగు పట్టి, ఎవరో ఆంటీకి మంచినీళ్ళు తెండి అన్నాడు. దుఃఖంలో నాకు మతి పోయిందనుకున్నారు.

రిఫరీ కూడా ఏడుత్తూ విజిల్ జేబులో పెట్టీసుకున్నాడు. అందరూ వానలో తలలు వంచుకుని మౌనం పాటించి, మీ అన్న మీద గౌరవంతో మేచ్ ఆపీసేరు. ఆయన వద్దన్నది అదొక్కటే.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నువ్వు. తడిసిపోయి, పూలదండ చేతిలో పెట్టుకుని. ఏటి చెప్పమంటావు? మేచ్ ఐనా జరిగుంటే, నీ కాళ్ళ మీద పడైనా చెప్పీసేదాన్ని. నీ దగ్గర లాక్కున్నది ఎవరికీ ఉపయోగపడలేదే! నీకూ దక్కలేదు, ఆయనకీ దక్కలేదు. ఐసు పెట్టె అన్న మాట నోటికొచ్చింది, అనీసేను. ఏడాది నుంచీ ఆ మాటనే నమలలేక మింగలేక ఉన్నాను.

ఇంక సమాధి సంగతి. నల్లరాయి నెల్సన్ ఎప్పుడో చెక్కించీసేడు, లంగరు బొమ్మతో సహా. వరండాలో గోనెపట్టా కప్పి ఉన్నాది, మేక దాని మీదే పడుకుంటాది. కమిటీ వచ్చి రెండుసార్లు నాకు బుద్ధి చెప్పింది. పాస్టరమ్మగారైతే నా మనసు మెత్తబడాలని ప్రత్యేక ప్రార్థన పెట్టేరు. ఎంతమంది చెప్పినా నేనే సిమెంటు పడనివ్వలేదు. గడ్డి మొలిచిన మాట నిజమే, వానల్లో పీకినకొద్దీ మొలుత్తాది.

ఆరోజు అందరూ తలో పిడికెడు మట్టి వేసేరు, ఫ్లోరా. సుకీర్తి వేసింది, గౌరీశంకర్ వేసేడు, పేరు తెలీని రిక్షా అతను కూడా వేసేడు. నీది పడలేదు. సిమెంటు పోసీసేక ఇంక పడదు. ముఖం నేను తెచ్చి ఇవ్వలేను, అది నా చేతులు దాటిపోయింది. మట్టి మాత్రం ఆపేను.

నువ్వు రానంటే రాకు. రాయి మాత్రం పడదు. ఎన్నేళ్ళైనా గడ్డి పీకుతూ కూచుంటాను.

వదిన

*

భీమునిపట్నం
జూలై 28

వదినా,

నీ ఉత్తరం చదివి ఏడుద్దామని కూర్చున్నాను. కాసిడీహ్ కుర్రాడు నీకు గొడుగు పట్టి మంచినీళ్ళు తెమ్మన్న చోటికి వచ్చేసరికి నవ్వొచ్చేసింది. అన్న అంత్యక్రియల రోజున అన్న మాటే ఎవరూ నమ్మలేదు చూడు! నవ్వి నవ్వి, ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చేసింది. పక్కింటి జానకి పరిగెత్తుకొచ్చి, "ఏమైంది టీచరుగారూ" అంది. "మా అన్న పోయాడమ్మా" అన్నాను. "అదేమిటి, ఏడాదైంది కదండీ" అంది. నాకు ఇవాళే పోయాడు.

నీ మీద కోపం పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ముఖం ముఖమే. రేపు నేనూ పోయేదాకా అది ఉంటుంది, నువ్వు దానికి అలవాటు పడు. కానీ అందరి చేతా మాటలు పడుతూ ఏడాదిపాటు ఆ మట్టిని అలా ఉంచావు చూడు, ఇంట్లో పుట్టినదాన్ని నేనైనా అంత పని చేసేదాన్ని కాను. వేళ్ళకి నీలం అంటింది మనిద్దరికీ ఒకటే అని తెలిశాక, నీతో పోట్లాడడానికి కూడా పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఫోను గడియ తీశాను. అయినా ఇప్పుడే చెయ్యకు.

ముఖ్య అతిథి కుర్చీ నాకొద్దని గౌరీశంకర్‌కి చెప్పు, నేను గోల్‌పోస్టు వెనకాల నిలబడతాను. కాసిడీహ్ వాళ్ళు ఈసారి కూడా తెల్ల చొక్కాలేసుకుని గౌరవం చూపిస్తామంటే, వాళ్ళని నా దగ్గరికి పంపు. మతి ఎవరికి పోయిందో నేను తేలుస్తాను.

కూడిక రోజు పొద్దున్నకి టాటానగర్‌లో దిగాలి. వానాకాలం, ఆ రైలు సంగతి నీకూ నాకూ తెలిసిందే. లేటైతే నా కోసం ఎవర్నీ ఆగనివ్వకు. ప్రార్థన కానిచ్చెయ్యండి, ఆట మొదలెట్టెయ్యండి. ఆట అయ్యాక, ఎంత చీకటి పడినా సరే, మట్టి దగ్గరికి నువ్వూ నేనూ వెళ్దాం.

ఫ్లోరా